మూడో బెంచీకి సిగ్నల్ లేదు

అతని చొక్కా కాలరుకు ఎప్పుడూ ఒక పిన్నీసు గుచ్చి ఉంటుంది. ఫోనులోంచి సిమ్ బయటికి తీయడానికి కంపెనీవాళ్ళు డబ్బాలో పెట్టి ఇచ్చే సూది కావలసినప్పుడు ఒక్కసారీ చేతికి దొరకదు. దానికోసం బల్లంతా తడుముకోవడం కంటే మెడ దగ్గరే ఒకటి తగిలించుకుంటే నయమనుకున్నాడు. పదకొండేళ్ళ కిందటి మాట అది. అప్పటినుంచీ వీధి మొత్తానికీ అతను పిన్నీసే. పెళ్ళాం తరఫు చుట్టాలు కూడా "మీ పిన్నీసు ఎలా ఉన్నాడే?" అనే అడుగుతారు. అతను పట్టించుకోడు.

బస్సులు మలుపు తిరిగే చోట, టైలరమ్మ కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణం అతనిది. గాజు బల్ల, మెడ వంచుకున్న భూతద్దం దీపం, వేడిగాలి గొట్టం, రెండు పట్టకార్లు, స్క్రూలు దొర్లిపోకుండా అడుగున అయస్కాంతం అంటించిన స్టీలు పళ్ళెం. పగిలిన అద్దాలు మారుస్తాడు, నీళ్ళలో పడ్డవి ఎండబెడతాడు, ఒకే కంపెనీ సిమ్ పడేలా తాళం వేసి అమ్మిన ఫోన్ల తాళాలు తీస్తాడు. ఫోను చేతిలోకి తీసుకుని చెవి దగ్గర రెండుసార్లు ఊపితే, లోపల ఏ స్క్రూ వదులైందో చెప్పగలడు. ఆ గర్వం అతనికి ఉంది. అదే అతన్ని ముంచింది.

కోపం కూడా అతనికి మొదట్నుంచీ ఉన్నదే. కానీ అది వేలెడు కోపం. చార్జరు తీగ నోట్లో పెట్టుకుని కొరికేవాళ్ళ మీద, ఫోను ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని కూర్చునేవాళ్ళ మీద వస్తుంది, రెండు చీవాట్లతో దిగిపోతుంది. ఒక సోమవారం వచ్చిన కోపం మాత్రం ఇంకా దిగలేదు.

అతనికి ఒక్కతే కూతురు. ఏడేళ్ళది, రెండో తరగతి. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో దానితో పది నిమిషాలు గడిపినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. దానికి అయిదేళ్ళప్పుడు ఒంట్లో ఇన్సులిన్ తయారుకావడం ఆగిపోయింది. అది తిన్న ఏ తిండివల్లా కాదు, వీళ్ళు చేసిన ఏ పొరపాటువల్లా కాదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారి తప్పి సొంత కణాల మీద పడ్డాయని డాక్టరు చెప్పింది. అప్పటినుంచీ రోజుకి నాలుగు సూదులు. సూది మందు ఎక్కువైనా, పిల్ల ఎక్కువ గెంతినా నెత్తుట్లో చక్కెర పడిపోతుంది. పడిపోతే చెమటలు, వణుకు, తర్వాత స్పృహ తప్పడం. మెదడుకి చక్కెర తప్ప వేరే ఆహారం ఇంచుమించు లేనట్టే. అది అందనప్పుడు, పక్కనే గ్లూకోజు పొట్లం ఉన్నా దాన్ని చింపి తినాలన్న ఆలోచన కూడా ఆ పిల్లకి రాదు. అసలు భయం అక్కడే ఉంది.

అందుకే పిడుగు జబ్బకి నాణెమంత బిళ్ళ అంటించి ఉంటుంది. అయిదు నిమిషాలకోసారి చక్కెర ఎంతుందో లెక్కగట్టి నడుము సంచిలో ఉన్న చిన్న ఫోనుకి చెబుతుంది. ఆ ఫోను నెట్ ద్వారా దుకాణంలో ఉన్న తండ్రి ఫోనుకి చెబుతుంది. అంకె డెబ్బైకి దిగగానే అతని ఫోను అంబులెన్సులా అరుస్తుంది. అతను చేతిలో ఏమున్నా వదిలేసి బడి ఆఫీసు ల్యాండ్‌లైనుకి ఫోను చేస్తాడు. ఆయా తరగతికి పరుగెడుతుంది. టీచరు గ్లూకోజు తినిపిస్తుంది. ఏడాదిన్నరలో ముప్పై ఒక్కసార్లు జరిగిందిది. ముప్పై ఒక్కసార్లూ ఆరు నిమిషాల్లోపే అయిపోయింది.

తల్లికి ఈ కబురు అందదు. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లకి ఆవిరి ఇస్త్రీ చేస్తుంది. షిఫ్టు మొదలవగానే ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పగలంతా ఆ అంకెకి కాపలా అతనొక్కడే.

పిడుగు దగ్గరున్న పాత ఫోను నాలుగేళ్ళది. ఒకరోజు బిళ్ళ తయారుచేసే కంపెనీ తన యాప్‌ను కొత్తది చేసి, ఇకమీదట పాత ఫోన్లలో నడవదని నెలరోజుల గడువు పెట్టింది. ఆసుపత్రి నర్సు ఏయే ఫోన్లలో నడుస్తుందో ఒక కాగితం ఇచ్చింది. అందులో ఉన్నవన్నీ అరచేతికి పట్టని భారీ ఫోన్లు, ధర వింటే కూర్చోవాలి. ఒక్కటే చిన్నది. ఆ నెలలోనే బజారులోకి వస్తోంది. అయితే దాన్ని ఒక నెట్‌వర్క్ కంపెనీ మాత్రమే అమ్ముతుంది. మొదటి ఏడాది అందులో ఆ కంపెనీ సిమ్ తప్ప ఇంకేదీ పనిచేయదు.

"తాళం వేసిన ఫోనా? మరి మన సిమ్ పడదుగా?" అంది భార్య, ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ.

"పడకపోతేనేం? వాళ్ళ సిమ్ వాళ్ళే ఇస్తారు. ఏడాది నెట్ ఉచితం. ఫోను బయట కొంటే ఎంతవుతుందో అందులో సగానికే ఇస్తున్నారు, మిగతాది నెలనెలా. చెడిపోతే అదే రోజు వేరేది చేతిలో పెడతారట. ఒకే కంపెనీ కాబట్టి ఫోనూ టవరూ ఒకదానికొకటి సరిపోయేలా ముందే చూసుకుంటారు కూడా. ఆ చవక వాళ్ళు ఊరికే ఇవ్వట్లేదే, మనల్ని ఏడాది కట్టేసుకుంటున్నారు. మనకొచ్చిన నష్టమేంటి?"

"మీరు చెబుతుంటే అంతా బాగానే ఉంటుంది."

"బాగుంటే బాగుందనే అంటాం కదే. ఫోన్ల గురించి నాకు తెలియనిదేముంది?"

ఆమె అన్నం గిన్నె మీద మూతపెట్టి, "ఫోన్ల గురించి తెలియనిదేం లేదు లెండి" అంది. ఆ మాటలో ఉన్న విరుపు అతనికి అప్పుడు అందలేదు.

శనివారం పొద్దున పిడుగుని వెంటబెట్టుకుని, షోరూం తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాడు. గాజు గోడలు, చల్లటి గాలి, తెల్లటి బల్లల మీద తీగలతో కట్టేసిన ఫోన్లు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి అతని కాలరు పిన్నీసు చూసి నవ్వు ఆపుకుంది. అతను రెండు గంటలు ఆ ఫోనుని వదల్లేదు. అంచుల వెంబడి గోరు పెట్టి చూశాడు. స్క్రీను మీద నాలుగు మూలలా వేలితో లాగాడు. మైకులో ఊదాడు. స్పీకరు చెవికి ఆనించి గరగర ఉందేమోనని విన్నాడు. బ్యాటరీ వేడెక్కుతుందేమోనని చెంపకి తాకించుకున్నాడు. పిడుగు బిళ్ళకి కలిపి, షోరూం ఆ చివర్నుంచి ఈ చివరికి నడిపించి దూరం కొలిచాడు.

"పెళ్ళిచూపులకి కూడా ఇంతసేపు చూసుండరు సార్" అంది కౌంటరమ్మాయి.

"పెళ్ళాం పాడైతే బాగుచేసుకుని బతకొచ్చమ్మా. ఇది పాడవకూడదు" అన్నాడు. ఇంటికెళ్ళాక పిడుగు ఆ మాట పొల్లుపోకుండా తల్లికి చేరవేసింది. దానికి అతను పడిన తిట్లు వేరే కథ.

సిగ్నలు అయిదు గీతలూ నిండుగా ఉన్నాయి. అది కూడా చూశాడు. పైన కప్పుకి సాసరంత తెల్లటి డబ్బా ఒకటి బిగించి ఉండడం కూడా చూశాడు. అదేమిటో అతనికి తెలుసు. బయటి సిగ్నలుని పట్టి, పెంచి, గదిలో చిమ్మే పెట్టె. చూశాడు గానీ దాని గురించి ఆలోచించలేదు. అతని కళ్ళు చేతిలో ఉన్న వస్తువు మీదే ఉన్నాయి. ఫోను బాగుచేసేవాడికి ఫోనే ప్రపంచం. అది మాట్లాడవలసిన గాలి గురించి ఎందుకు తలపెడతాడు?

ఆదివారం ఇంట్లో మూడు గీతలు, దుకాణంలో నాలుగు. టైలరమ్మ కూడా అదే ఫోను కొనుక్కుంది, అతను చెప్పాడనే. అరవై దాటిన మనిషి, ఆమె చేతికి వచ్చిన మొదటి మంచి ఫోను. జాకెట్టు బొమ్మలు పెద్దవి చేసుకుని చూస్తూ, "అబ్బాయ్, నీ పుణ్యమా అని నాకూ లోకం కనబడుతోంది" అని మురిసిపోయింది.

సోమవారం పదకొండున్నరకి పిన్నీసు ఒక ఫోను వెనక మూత ఊడదీస్తూ, పక్కనే నిలబెట్టిన తన ఫోను వంక చూశాడు. నూట పన్నెండు. బంగారంలాంటి అంకె. పదకొండూ నలభైకి చూశాడు. నూట పన్నెండు. పన్నెండుకి పది తక్కువలో మళ్ళీ చూశాడు. నూట పన్నెండే. కొత్త ఫోను ఎంత బాగా పనిచేస్తోందో అనుకుని లోలోపల పొంగిపోయాడు. అప్పుడు తట్టింది. మనిషి నెత్తుట్లో చక్కెర ఇరవై నిమిషాలపాటు ఒకే అంకె మీద నిలబడుతుందా? భూతద్దం దీపం లాగి ఫోను మీదికి వంచాడు. అంకె కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: చివరి సమాచారం 52 నిమిషాల క్రితం.

ల్యాండ్‌లైను ఎత్తింది ఆయానే. "ఇప్పుడే మీకు చేయబోతున్నాం, అయ్యా. పాపకి బాగానే ఉంది. రండి."

బాగానే ఉంది అన్న తర్వాత 'రండి' అనే మాట ఎందుకొచ్చిందా అని అతను దారి పొడుగునా ఆలోచించాడు. దుకాణం షట్టరు దించలేదని బడి గేటు దగ్గర గుర్తొచ్చింది.

జరిగిందేమిటంటే, ఆటల పీరియడు అయి పిల్లలు తరగతిలోకి వచ్చాక, పదకొండింటికి చక్కెర జారడం మొదలైంది. నడుము సంచిలో ఫోను మోగింది కూడా. కానీ ఆ సమయానికి నలభై మంది పిల్లలు గొంతు చించుకుని ఎక్కాలు అప్పజెబుతున్నారు. మూడో బెంచీలో పిడుగు తల వాల్చింది. టీచరు నిద్రపోతోందనుకుంది. పక్కన కూర్చునే పిల్ల దాని చేయి పట్టుకుని, "మిస్, దీని చెయ్యి ఐసులా ఉంది" అని అరిచింది. ఆ ఏడేళ్ళ పిల్లే లేకపోతే ఇంకేం జరిగేదో టీచరు చెప్పలేదు, అతను అడగలేదు. గ్లూకోజు చిగుళ్ళకి రాశారు. పది నిమిషాలకి పిల్ల కళ్ళు తెరిచింది. సంచిలోని ఫోనులో చూస్తే తెలిసింది: ముప్పై ఎనిమిది దాకా దిగింది.

పిడుగు ఆఫీసు గదిలో కుర్చీలో కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది. మొహం తెల్లకాగితంలా ఉంది.

"నాన్నా, నువ్వు ఫోన్ చేయలేదేం?" అంది.

అతను వంగి దాని నడుము సంచి జిప్పు తీసి, ఆ ఫోను బయటికి తీశాడు.

ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక, హెడ్మిస్ట్రెస్‌ని బతిమాలుకుని ఆ ఫోను పట్టుకుని తరగతిలోకి వెళ్ళాడు. చేతిలో సుద్దముక్క. గేటు దగ్గర మూడు గీతలు. వరండాలో రెండు. తరగతి కిటికీ దగ్గర ఒకటి, అదీ వచ్చీ పోతూ. మొదటి బెంచీ దగ్గర సున్నా. మూడో బెంచీ దగ్గర సున్నా. ప్రతి బెంచీ కాలి దగ్గరా నేల మీద అంకె వేసుకుంటూ పోయాడు. బడి వెనక గోడని ఆనుకుని ఇనుప రేకుల గోదాము ఉంది. ఆ కంపెనీ టవరు గోదాముకి అవతల ఉంది. రేకుల్ని దాటి సిగ్నలు రాదు. తన పాత సిమ్ కంపెనీ టవరు మాత్రం ఇటువైపు, రోడ్డు మీదే, కిటికీలోంచి కనిపిస్తోంది. పాత ఫోను తీసి చూశాడు. మూడో బెంచీ దగ్గర నాలుగు గీతలు.

అతను ఆ చిన్న బెంచీ మీదే, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా, చాలాసేపు కూర్చున్నాడు. షోరూంలో రెండు గంటలు! రెండు గంటలు దాన్ని పిసికి, ఊది, వాసన చూసినవాడు, ఇక్కడికి వచ్చి రెండు నిమిషాలు నిలబడలేకపోయాడు.

మర్నాటి నుంచి భార్య సెలవు పెట్టి బడి వరండాలో కూర్చుంది. ఆ సెలవు వారం రోజులే. అంతకు మించితే ఆమె చోటుకి ఇంకొకరిని తీసుకుంటామని సూపర్‌వైజరు చెప్పేశాడు. అంటే అతనికి ఉన్నది వారం.

"ఆ యాప్ పాత ఫోన్లో ఇంకెన్నాళ్ళు నడుస్తుంది?" అని ఆమె అడిగింది.

"ఆగిపోయింది. ఆదివారంతో గడువు అయిపోయింది."

"మరి తాళం తీసేయండి. ఊళ్ళో అందరివీ తీస్తారుగా?"

అతనూ అదే అనుకున్నాడు. కానీ సొంత ఫోను మీద చేయి వేయకముందు, ఎవరో కొన్న మర్నాడే స్క్రీను పగలగొట్టుకుని తన దగ్గర ఇచ్చిపోయిన అలాంటిదే ఇంకో ఫోను మీద చేసి చూశాడు. తాళం అరగంటలో వచ్చేసింది. వేరే సిమ్ పడింది. పిడుగు యాప్ వేసి తెరిచాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు: ఈ ఫోను భద్రతలో మార్పులు జరిగాయి, యాప్ పనిచేయదు. అతనికి న్యాయంగానే తోచింది, అదే అసలు బాధ. ప్రాణానికి సంబంధించిన అంకెని ఎవరో కెలికిన ఫోనులో చూపించకూడదు. తనే ఆ యాప్ తయారుచేసి ఉంటే తనూ అలాగే చేసేవాడు. అంటే ఈ తాళం కంపెనీ తీస్తేనే తీసినట్టు. పదకొండేళ్ళ విద్య, వేలకొద్దీ తీసిన తాళాలు, కూతురి ఫోను దగ్గరికొచ్చేసరికి ఎందుకూ పనికిరాలేదు.

ఇంకో దారి లేదా అంటే, అన్నీ చూశాడు. పాత ఫోనుని కూడా సంచిలో పెట్టి దాన్నుంచి కొత్తదానికి నెట్ ఇద్దామంటే, ఒక పిల్లకి ఒక్క పరికరమే అని బడి నియమం. ఆ ఒక్కటే ఎంతో ప్రయాసపడి సంపాదించిన అనుమతి. టీచరు ఫోనునుంచి ఇద్దామంటే, టీచర్ల ఫోన్లు ఆఫీసులో పెట్టాలి. బడిలో వైఫై లేదు. హెడ్మిస్ట్రెస్ మంచావిడే. "మీరు పైకి రాసి పెట్టండి, నేనూ సంతకం పెడతాను. పైనుంచి జవాబొచ్చేసరికి నెల పడుతుంది" అంది. నెల!

కంపెనీకి ఫోను చేశాడు. మీ కాల్ మాకెంతో విలువైనది అని ఒక గొంతు నలభై నిమిషాలు చెప్పింది. తర్వాత ఒక మనిషి వచ్చాడు. మీ ప్రాంతంలో మా సిగ్నలు అద్భుతంగా ఉందండీ, మా మ్యాపులో ఆకుపచ్చగా కనబడుతోంది అన్నాడు.

"మీ మ్యాపులో పిల్లలు కూర్చుంటారా బాబూ?"

"సార్?"

"ఆకుపచ్చ రంగు మీద కూర్చోదయ్యా నా కూతురు. బెంచీ మీద కూర్చుంటుంది. మూడో బెంచీ. అక్కడ సున్నా."

"మీ ఫిర్యాదు నమోదు చేశాం సార్. ఈ సంభాషణకి మీరు అయిదుకి ఎంత ఇస్తారు?"

అతను ఎంత ఇచ్చాడో టైలరమ్మ కొట్టుదాకా వినబడింది. ఆవిడ కుట్టుమిషను ఆపి వచ్చింది.

"ఏంటబ్బాయ్, ఆ అరుపులు? ఆ ఫోను నిజంగా అంత చెడ్డదా? నాకు బానే పనిచేస్తోందే!"

"నీకు బానే ఉంటుంది అత్తా. నీ కొట్లో సిగ్నలుంది. నువ్వు నీ కొట్లోనే కూర్చుంటావు. వాళ్ళు నీకు చేసిందంతా మంచే. అబద్ధం చెప్పను, అంత తక్కువలో ఆ ఫోను నీకెవడూ ఇవ్వడు. నాకూ అదే మంచి చేశారు. కానీ నాకు ఒక్కచోట లేదు. ఆ ఒక్కచోటే నా ప్రాణం ఉంది. లేని చోటికి ఇంకోడి సిగ్నలు తెచ్చుకుంటానంటే ఒప్పుకోనంటున్నారు. అలాగని వాళ్ళు తెచ్చివ్వరు."

టైలరమ్మ మెడలో వేలాడుతున్న టేపు సర్దుకుంది. "మరి నన్నెందుకు తిడతావు? వాళ్ళ దగ్గరికి పోయి తిట్టు" అంది.

గురువారం వెళ్ళాడు. సాయంత్రం, షోరూం నిండా జనం. మేనేజరు టై కట్టుకున్న కుర్రవాడు, ముఖాన చెరగని నవ్వు. పిన్నీసు చెప్పిందంతా విన్నాడు. మధ్యమధ్య "అయ్యో" అన్నాడు. చివరికి పక్కనున్న ఫోను ఎత్తి చూపించాడు.

"చూడండి సార్, అయిదు గీతలు. మా నెట్‌వర్కులో సమస్య లేదు. మీ బడి గోడల సమస్య అది. ఏడాది అయ్యాక తాళం దానంతటదే తీసేస్తాం. అందాకా కాస్త ఓపిక పట్టాలి."

"ఓపికా?" అన్నాడు పిన్నీసు. ఆ మాట అతనికే వింతగా వినబడింది. అరికాల్లో మొదలైన మంట నెత్తికెక్కుతుంటే, కళ్ళెత్తి కప్పు వంక చూశాడు. సాసరంత తెల్లటి డబ్బా. దాన్నుంచి సన్నటి తీగ గోడ వెంట దిగి, కాఫీ యంత్రం వెనక ప్లగ్గులోకి పోతోంది.

"అదేంటి?"

మేనేజరు కూడా పైకి చూశాడు. నవ్వు అలాగే ఉంది గానీ కొంచెం గట్టిపడింది. "అది... పొగ వస్తే మోగేది సార్."

"నేను ఫోన్లు బాగుచేసేవాణ్ణి బాబూ. చెవిలో పువ్వు పెట్టకు."

రెండడుగులు వేసి ప్లగ్గు పీకేశాడు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత బల్లల మీద వరసగా కట్టేసిన ఫోన్ల తెరల మీద గీతలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. అయిదు, మూడు, ఒకటి. గోడవైపు బల్ల మీదున్న వాటికి ఆ ఒకటీ లేదు. సంతకం పెట్టబోతున్న ఒక ఆవిడ కలం పట్టుకునే తన చేతిలో ఫోను వంక చూసి, కలం మెల్లగా కింద పెట్టింది.

"ఇదిగో, ఇప్పుడు చూడండి" అన్నాడు పిన్నీసు. "ఇదీ మీ షోరూంలో మీ నెట్‌వర్కు. ఈ డబ్బా మీ నెత్తిన పెట్టుకున్నారు, బాగుంది. నా కూతురి నెత్తిన ఎవరు పెడతారు? సోమవారం అది ముప్పై ఎనిమిదికి పడింది. నువ్వు ఏ సైన్సూ చదవక్కర్లేదు, ముప్పై ఎనిమిదంటే ఏంటో ఏ డాక్టర్నైనా అడుగు. పిల్ల లేచి 'నాన్నా, ఫోన్ చేయలేదేం' అంది. నువ్వు చెప్పు, నేనేం చెప్పాలి? ఓపిక పట్టమ్మా, ఏడాదయ్యాక చేస్తాను అని చెప్పాలా?"

"సార్, కంపెనీ ఆస్తి ముట్టుకున్నారు. పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

"పిలువు. ఏ ఫోన్నుంచి పిలుస్తావు? సిగ్నలుందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మేనేజరు మీద పోలీసుల కంటే ఎక్కువ పని చేసింది. మొహం కందగడ్డ అయింది. సరిగ్గా అప్పుడు కౌంటరమ్మాయి లేచి నిలబడింది.

"సార్" అంది, మేనేజరు వైపు చూడకుండా. "వైద్య కారణాలకి తాళం తీసే ఫారం ఒకటుంది కదా. ట్రైనింగులో చూపించారు."

కలం కింద పెట్టినావిడ కౌంటరు వైపు జరిగింది.

"ఉందా?" అన్నాడు పిన్నీసు. ఈసారి గొంతు పెంచలేదు. "ఫారం ఉందా? ఇన్నాళ్ళూ ఉందా?"

మేనేజరు నీళ్ళు నమిలాడు. అది అందరికీ కాదని, చాలా అరుదని, పైవాళ్ళు చూడాలని ఏదో అన్నాడు. సోమవారం నుంచి నాలుగు రోజులు. వరండాలో కూర్చున్న భార్య, ఆ నలభై నిమిషాల కాల్, ఆకుపచ్చ మ్యాపు. అంతసేపూ ఆ కాగితం ఈ బల్ల సొరుగులోనే ఉంది. పిన్నీసుకి ప్లగ్గు పీకినప్పటి కంటే ఇప్పుడు ఎక్కువ కోపం వచ్చింది. కానీ అది అరవలేనంత లోతులో ఉంది. చేయి చాపాడు.

ఫారం వచ్చింది. ఒక పేజీ. డాక్టరు చీటీ, బడి చీటీ రెండూ అతని సంచిలోనే ఉన్నాయి. చివర, సంతకం పైన, చీమ తలకాయంత అక్షరాలు. ఒకసారి మోసపోయాడు కాబట్టి పిన్నీసు ఇప్పుడు చీమ తలకాయల్నే ముందు చదువుతాడు. చదివి తలెత్తాడు.

"'ఈ మినహాయింపు తనకు లభించిన విషయం వినియోగదారుడు ఇతరులకు వెల్లడించరాదు.' అంటే, నేను సంతకం పెట్టాక ఇలాంటిది ఒకటుందని ఎవరికీ చెప్పకూడదు. అంతేనా?"

"అది మామూలు నియమం సార్. అందరికీ ఉంటుంది."

"సంతకం పెట్టాకే కదా?"

"అవును సార్."

"ఇంకా పెట్టలేదు కదా?"

మేనేజరుకి అర్థమయ్యేలోపే పిన్నీసు జనం వైపు తిరిగాడు. "అమ్మా, అయ్యా, వినండి. ఇంట్లో జబ్బు మనిషి ఉండి, ఈ ఫోను తీసుకున్నాక సిగ్నలు అందకపోతే, తాళం తీయించుకోవడానికి ఒక ఫారం ఉంది. ఇదిగో, ఇదే. అడిగితే గానీ ఇవ్వరు. ఆ సొరుగులో ఉంటుంది, పైనుంచి రెండోది." కాగితం అందరికీ కనబడేలా అటూ ఇటూ తిప్పాడు. కలం కింద పెట్టినావిడ తన ఫోనుతో దానికి ఫొటో తీసుకుంది. అప్పుడు బల్ల మీదికి వంగి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాడు.

పోతూపోతూ ప్లగ్గు తనే మళ్ళీ పెట్టి వెళ్ళాడు.

వారంలో తాళం తీయలేదు, భార్య సెలవు పెట్టిన రోజునుంచి లెక్కేస్తే తొమ్మిది రోజులు పట్టింది. మిగిలిన రెండు పని రోజులూ దుకాణం మూసి అతనే వరండాలో కూర్చున్నాడు. మూడో బెంచీ నుంచి పిడుగు అరగంటకోసారి తల తిప్పి, తండ్రి ఉన్నాడో లేదో చూసుకునేది. ఉన్నాడని తెలిశాక నాలుక బయటపెట్టేది. టీచరు దాన్ని కిటికీకి దూరంగా కూర్చోబెడతానని బెదిరించింది.

పదో రోజు పొద్దున ఫోనుకి కబురు వచ్చింది. కాలరు పిన్నీసు తీసి, ట్రే లాగి, పాత సిమ్ వేశాడు. వేసి అక్కడితో ఊరుకోలేదు. బడి తలుపులు తీయకముందే వెళ్ళి మూడో బెంచీ మీద కూర్చుని, నాలుగు గీతలూ పావుగంటసేపు చూస్తూ ఉన్నాడు.

అప్పటినుంచీ అతని దుకాణం గోడ మీద ఒక నల్లబల్ల వేలాడుతోంది. చుట్టుపక్కల వీధులు గీసి, ఎక్కడ ఎవరి సిగ్నలు ఎన్ని గీతలో సుద్దతో రాసి ఉంటుంది. బడి, ఆసుపత్రి లాండ్రీ, గోదాము వెనక ఇళ్ళు, బస్సులు మలుపు తిరిగే చోటు. ఎవరైనా కొత్త ఫోను కొంటానని సలహాకి వస్తే స్క్రీను గురించి, కెమెరా గురించి చెప్పడం మానేశాడు. "మీకు ప్రాణమైన మనిషి పగలంతా ఎక్కడ కూర్చుంటారు?" అని అడుగుతాడు. కొంతమంది నవ్వుతారు. నవ్వినవాళ్ళకీ బల్ల మీద ఆ చోటు చూపించి పంపిస్తాడు. తాళం వేసిన ఫోను అస్సలు వద్దని ఎవరికీ చెప్పడు. టైలరమ్మ పక్క కొట్లోనే ఉంది, అలా చెబితే ఆవిడ ఊరుకోదు.

నెల తర్వాత వేరే పని మీద షోరూం మీదుగా వెళ్తూ లోపలికి చూశాడు. మేనేజరు ఉన్నాడు, నవ్వూ ఉంది. కప్పు మీద డబ్బా ఉంది. కౌంటరు దగ్గర వేరే అమ్మాయి కూర్చుని ఉంది. లోపలికెళ్ళి ఆ పాత అమ్మాయి ఏమైందని అడిగితే, తెలియదండీ, నేను కొత్త అంది. అతను బయటికొచ్చి ఆ గాజు తలుపు ముందు నిలబడ్డాడు. ఆ పిల్ల పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. దిగుతుందనుకున్న కోపం మళ్ళీ మొదటికొచ్చింది.

దుకాణానికి చేరి షట్టరు ఎత్తాడో లేదో, జేబులో ఫోను అంబులెన్సులా అరిచింది. అరవై ఎనిమిది, పక్కన కిందికి చూస్తున్న బాణం. మూడు నిమిషాల్లో ల్యాండ్‌లైను అటువైపు ఆయా గొంతు, దాని వెనక పిడుగు గొంతు వినిపించాయి. నోటినిండా గ్లూకోజు పెట్టుకుని విసుక్కుంటోంది.

"చెప్పండి మా నాన్నకి, తింటున్నానని. ప్రతిసారీ ఫోన్ చేస్తాడేంటి!"

"చేస్తాను" అన్నాడు పిన్నీసు, రిసీవరు అటువైపు వినబడేంత గట్టిగా. "ప్రతిసారీ చేస్తాను."